తెలియకపోవుటలోని తెలివి

ప్రొద్దు పొడవకముందే కృష్ణానగరము మేలుకొనును. యూసుఫ్‌గూడ నుండి జూబ్లీహిల్స్ వైపు ఎగబాకు ఆ ఇరుకు సందులలో పాలప్యాకెట్ల ట్రేలు దిగుచుండగనే టీ బంకుల యొద్ద మనుష్యులు గుమిగూడుదురు. ఒకరి చేత మడతపెట్టిన పట్టుచీర యున్న ప్లాస్టిక్ సంచి, ఒకరి చంకలో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఒకరి చెంపల మీద అప్పుడే గీసికొన్న గడ్డపు నునుపు. వీరందరు జూనియర్ ఆర్టిస్టులు. ఆనాటి షూటింగునకు తమను తీసికొనిపోవు ఏజెంటు కొరకు వేచియుందురు. పోయిన మాఘమాసములో ఒకనాటి వేకువను నేనును ఆ బంకు యొద్ద నిలుచుండి, ఏజెంటు మనుష్యులను ఏరుకొను తీరు చూచితిని. ఆనాడు పెండ్లి సన్నివేశము. నలువదిమంది వచ్చియుండిరి, ఇరువదియిద్దరు చాలుదురు. ఆయన చేత కాగితము లేదు. ఎవ్వరి పేరును అడుగలేదు. నడచుచునే, "అక్కా, నువ్వు పెళ్లికూతురి మేనత్త. బాబాయ్, నువ్వు వియ్యంకుడి పక్కన కూర్చోవాలి, ఆ కళ్లజోడు తియ్యకు. తమ్ముడూ, నీకు ఇయ్యాల వద్దు, రేపు కాలేజీ సీనుంది, రేపు రా" అనుచు ఐదు నిమిషములలో ఒక కుటుంబమును నిలబెట్టెను. ఆ ఇరువదియిద్దరును వ్యాను ఎక్కుచుండగా చూచినవారెవరైనను, ఏదో యొక ఊరి నుండి శుభకార్యమునకు బయలుదేరిన చుట్టములే యని అనుకొందురు. ఎట్లు తెలిసినదని అడిగితిని. "చూస్తే తెలుస్తది సార్" అని, ఆ ప్రశ్నకు అంతకంటె వేరు జవాబుండునని ఎన్నడును తలపనివానివలె ముందుకు సాగిపోయెను.

నేను వ్రాయబూనినది ఆ రెండు మాటల గూర్చియే.

మనము తెలివి యనగానే తలచుకొనునది వేరొకటి. కృష్ణానగరమునకు అల్లంత దూరములో అమీర్‌పేట యున్నది. ఆ వీథులలో మేడ మీద మేడగా కోచింగు బోర్డులు వ్రేలాడుచుండును. ఏ ప్రశ్నకు ఏది కచ్చితమైన జవాబో నలువది దినములలో నేర్పెదమని అవి పిలుచుచుండును. వానిని నేను తప్పు పట్టను, వాని మూలముగా ఎన్నియో పేదయిండ్లలో పొయ్యి వెలిగినది. కాని ఇంటరు మొదలు ఉద్యోగము వరకు మన పిల్లలు వ్రాయు పోటీపరీక్షలలో పెక్కింట ప్రశ్న క్రింద నాలుగు జవాబులుండును, నాలుగింటిలో ఒకటి సరియైనది, తక్కిన మూడును తప్పులు. "ఇప్పటికి తెలియదు, ఇంకను చూడవలెను" అను ఐదవ జవాబునకు అచట గడి లేదు. ఇరువది యేండ్లు అట్టి కాగితముల మీద పెరిగినవాడు, తెలియదనుట అవమానమనియు, కారణము చెప్పలేని యెరుక ఎరుకయే కాదనియు నమ్ముటలో వింత యేమున్నది?

కృష్ణానగరపు బ్రతుకంతయు ఆ గడి లేని జవాబు మీదనే నడచుచున్నది. 1976 జనవరిలో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో బండరాళ్ల గుట్టల నడుమ తలుపులు తెరచిన నాటికి, ఈ చోట తెలుగు చిత్రపరిశ్రమ నిలుచునో నిలువదో చెప్పగలవాడు లేడు. అమీర్‌పేటలో సారథి స్టూడియో అప్పటికే యున్నను, నటులు, రచయితలు, వాద్యబృందములు, లేబరేటరీలు, పెట్టుబడి, సమస్తము చాలవరకు మద్రాసులోనే యుండెను. ఆ పిమ్మట ఇరువది యేండ్లలో పరిశ్రమ మెల్లమెల్లగా తరలివచ్చినది. పెద్దవారు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టల మీద ఇండ్లు కట్టుకొనగా, వారిని నమ్ముకొని వచ్చినవారు గుట్ట దిగువన ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున అద్దెకు దిగిరి. 'కృష్ణానగర్ కష్టాలు' అను మాట తెలుగులో జాతీయమైపోయినది. 2008లో పూరి జగన్నాథ్ 'నేనింతే' అను చిత్రమునే ఈ బ్రతుకుల మీద తీసెను. ఇచట కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన చిత్రమునకు గుమ్మడికాయ కొట్టు దినము వచ్చునో రాదో తెలియదు. వచ్చినను, శుక్రవారము మార్నింగ్ షో విడుచువరకు టాక్ ఏమగునో తెలియదు. ఇంత పెద్ద తెలియనితనము నడుమ వేలమంది రోజూ టిఫిను పొట్లము కట్టించుకొని పనికి పోవుచున్నారనిన, తెలియకపోవుటతో కాపురము చేయు విద్య యేదో వారికి పట్టుబడియుండవలెను.

'శంకరాభరణం' సంగతి తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు; కాని 1980 ఫిబ్రవరి 2వ తేదీ విడుదలకు ముందు ఆ చిత్రము ఎట్లుండెనో ఒక్కసారి మనసునకు తెచ్చుకొనవలెను. అవి 'అడవి రాముడు', 'వేటగాడు' వంటి చిత్రములకు హాళ్లు పగిలిపోవుచున్న రోజులు. అట్టి రోజులలో ఒక దర్శకుడు కర్ణాటక సంగీత విద్వాంసుని కథానాయకునిగా పెట్టుకొనెను. ఆ పాత్రకు ఎంచుకొన్నది తారను గాదు; యాభై దాటిన మనిషిని, ప్రభుత్వ కొలువులో డిప్యూటీ కలెక్టరును, రంగస్థలము మీద 'కన్యాశుల్కము' రామప్పపంతులుగా పేరు మోసిన జె.వి. సోమయాజులుగారిని. సినిమాలో ప్రేక్షకులకు ఆయన మొగము ఇంచుమించు క్రొత్తది. కథలో నాయకునికి ఎదుట నిలుచు స్త్రీ అతనిని కోరునది కాదు, కొలుచునది. చిత్రము పూర్తియైన పిదప కొనుటకు బయ్యర్లు ముందుకు రాలేదనియు, మొదటి దినములలో హాళ్లు సగము ఖాళీగా నుండెననియు పరిశ్రమలో నేటికిని చెప్పుకొందురు. తరువాత జరిగినది లోకమెరిగినదే: తమిళ, మలయాళ, కన్నడ సీమలలోను ఆదరణ పొందినది, ఆ యేటి జాతీయ పురస్కారములలో ఉత్తమ ప్రజాదరణ చిత్రముగా నిలిచినది, సంగీతమునకు కె.వి. మహదేవన్, గానమునకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరాం గౌరవింపబడిరి.

దర్శకులు కె. విశ్వనాథ్‌గారికి ఈ చిత్రము ఆడునని ముందుగా తెలియునా? తెలియదు. నిర్మాత ఏడిద నాగేశ్వరరావుగారికి తెలియునా? తెలియుటకు వీలు లేదు. విశ్వనాథ్‌గారికి తెలిసినది వేరు: ఈ పాత్రకు ఈ మొగము తగును, ఈ కంఠమునకు ఈ రాగము నప్పును, ఇచట మాట అక్కరలేదు. అనగా ఫలితము తెలియదు, వస్తువు తెలియును. ఈ రెంటికి గల భేదమును మనము తరచుగా మరచుచుందుము. గెలిచినవానిని చూచి, వానికి గెలుపు ముందే తెలిసినదని కథ అల్లుదుము. అట్లు అల్లుటవలన వానికి నిజముగా తెలిసినదేమో కనుమరుగగును.

మరి ఆ వస్తుజ్ఞానము ఆయనకు ఎచటినుండి వచ్చినది? విశ్వనాథ్‌గారు దర్శకులు గాకమునుపు మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రాహకులుగా పనిచేసిరి. చెవులకు యంత్రము తగిలించుకొని, ఏ గొంతు ఏ పలుకు వద్ద బిగియునో, ఏ నిశ్శబ్దము ఎంతసేపు ఓర్చుకొనదగునో వినుటయే ఏండ్లపాటు ఆయన కొలువు. 1976లో 'సిరిసిరిమువ్వ' తీసి, నాట్యము మీద నిలుచు కథను జనము ఎట్లు చూచెదరో కన్నులార కనియుండిరి. సంగీతము సంగతి చూడుడు: మహదేవన్‌గారి మాతృభాష తెలుగు కాదు, అయినను పాట వ్రాసి చేతికిచ్చిన పిమ్మట, మాటల నడకను బట్టి బాణీ కట్టుట ఆయన పద్ధతి, ఆయన కుడిభుజము పుహళేంది. బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయ సంగీతము గురుముఖతః అభ్యసించినవారు కారు. విద్వాంసుని నోటి పాట పాడుటకు తాము తగుదుమా యని ఆయన వెనుకాడిరనియు, పుహళేంది ధైర్యము చెప్పి పట్టుబట్టి నేర్పిరనియు ప్రసిద్ధి. ఆ సంశయము కూడ తెలివిలోని భాగమే యని నేననుకొందును. సంశయింపనివాడు అంత శ్రద్ధగా నేర్చుకొనడు.

పైకి ఒక్క క్షణములో స్ఫురించినట్లు కనబడు ఎరుక వెనుక ఎంత నిలువ యున్నదో శాస్త్రజ్ఞులు చదరంగపు బల్ల మీద చూపిరి. 1973లో అమెరికాలోని విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనువారు ఒక పరీక్ష జరిపిరి. వీరిలో సైమన్‌కు తరువాత 1978లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. నడుచుచున్న ఆటలోని పావుల అమరికను ఐదు సెకనులు చూపి, బల్ల మూసి, జ్ఞాపకమునుండి మరల పేర్చుమనిరి. దిట్టయైన ఆటగాడు చాలవరకు పేర్చెను. క్రొత్తవాడు నాలుగైదు పావుల వద్ద ఆగెను. అవే పావులను అర్థము లేకుండ చెదరగొట్టి చూపినప్పుడు దిట్ట కూడ ఇంచుమించు క్రొత్తవాని స్థాయికే దిగిపోయెను. అనగా వాని జ్ఞాపకశక్తి మనకంటె పెద్దది కాదు. వాడు చూచినది పావులను గాక, వేల ఆటలలో పరిచయమైన మొగములను. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోను, మరల 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతగా నిలిచినది. ఆ ఆటలో ఒక్కొక్కరికి మొదట ఇచ్చు కాలము పదునైదు నిమిషములే. ప్రతి యెత్తును చివరివరకు లెక్కించుటకు తీరిక యుండదు. చేయి కదలకముందే కన్ను కొన్ని త్రోవలను త్రోసివేయవలెను. కృష్ణానగరపు ఏజెంటు చేసినదియు ఇదే పని. ఇరువది యేండ్లుగా అతడు చూచిన పెండ్లి సన్నివేశములే అతని చదరంగపు బల్ల.

మన పూర్వులు దీనిని ఎరుగనివారు కారు. వైశేషిక దర్శనమునకు వ్యాఖ్యానించిన ప్రశస్తపాదుడు, ఋషులకు కలుగు జ్ఞానమును గూర్చి చెప్పుచు, అది ఒక్కొక్కప్పుడు లౌకికులకును కలుగుననుచు ఒక బాలికను ఉదాహరించెను: రేపు మా అన్న వచ్చునని నా హృదయము చెప్పుచున్నదని ఆ పిల్ల పలుకును. అంతటి శాస్త్రకర్తయు ఆ పిల్ల మాటను కొట్టిపారవేయక, దానికొక పేరు పెట్టి జ్ఞానపు పద్దులో వ్రాసినాడు. ఆ పేరే ప్రాతిభము. కాని ఆలంకారికులు మరియొక మెలకువ నేర్పిరి. పదునొకండవ శతాబ్దపు కాశ్మీరదేశీయుడు మమ్మటుడు, కావ్యము పుట్టుటకు శక్తియు, లోకశాస్త్రముల పరిశీలనవలన కలుగు నిపుణతయు, తెలిసినవారి యొద్ద చేసిన అభ్యాసమును మూడు వేర్వేరు కారణములు కావనియు, మూడును కూడి ఒక్క కారణమనియు తేల్చెను. మనలో చాలమంది మొదటిదానిని పట్టుకొని తక్కిన రెంటిని విడుచుచున్నారు.

ఆ మూడింటి కూడికను కన్నులార చూడగోరువారు అష్టావధాన సభకు పోవలెను. నిషిద్ధాక్షరి యందు అవధాని ఒక అక్షరము చెప్పగానే పృచ్ఛకుడు తరువాతి అక్షరమిది కాగూడదని అడ్డుపడును. ఊహించిన పదము అచటనే విరిగిపోవును. ఛందస్సు చెడకుండ, అర్థము తప్పకుండ, అప్పటికప్పుడు వేరొక దారి తీయవలెను. పద్యము ముగియువరకు ఆ పద్యమేమో అవధానికే తెలియదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారలు ఊరూర ఈ విద్యను ప్రదర్శించి జమీందారుల కోటలనుండి సంతవీథుల వరకు జనమును మైమరపించిరి. దీనిని వినోదముగా మాత్రమే చూచుట మన దురదృష్టము. తెలియనిదానిని ఎదుట పెట్టుకొని తడబడకుండ నడచుటకు తెలుగుజాతి నిర్మించుకొన్న పాఠశాల అది.

చిత్రసీమకు మరల వత్తును. 1957లో వచ్చిన 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డిగారు స్టాప్‌వాచి చేతబట్టి సన్నివేశముల నిడివిని ముందే కొలిచికొనువారు; లెక్కలేని అడుగు వేయని మనిషి. అట్టివారు శ్రీకృష్ణ పాత్రకు ఎన్.టి. రామారావుగారినే పట్టుబట్టిరి. అంతకు ముందటి యేడు 'సొంత ఊరు' చిత్రములో రామారావుగారు కొద్దిసేపు కృష్ణునిగా కనబడగా ప్రేక్షకులు మెచ్చలేదు. అందుచేత ఆయనయే వెనుదీసిరి. అంకెలు, అనుభవము, నటుని అభిప్రాయము, అన్నియు ఒకవైపే మొగ్గియుండెను. రెడ్డిగారి మనసు మాత్రము వేరొకటి చెప్పినది. అయితే ఆయన అంతటితో ఊరకుండలేదు. కిరీటము, వస్త్రధారణ, నిలుచు తీరు, చిరునవ్వు, ప్రతిదానిని మరల దిద్దించిరి. స్ఫురణను నమ్మిరి గనుకనే దానికి తగిన చాకిరీ చేసిరి. తెలుగువాని పూజామందిరములోని కృష్ణుని మొగము ఆ దినము మారిపోయినది. అదే చిత్రమునకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నెలవెన్నెలను దీపములతో సృష్టించెను. ఆ కాలమున నెగటివు లేబరేటరీలో కడిగి, ప్రింటు తీసి, తెర మీద వేయువరకు తాను పట్టినది వెన్నెలయో చీకటియో పట్టినవానికే కనబడదు. కనబడని దానిని ముందుగా చూచుటయే ఆనాటి కెమెరా పని.

వేచియుండుట కూడ ఈ విద్యలోనిదే. ఆచార్య ఆత్రేయ వ్రాసి ప్రేక్షకులను, వ్రాయక నిర్మాతలను ఏడిపించునని ఒక నానుడి పుట్టినది. నిర్మాతల బాధ నిజమే. రోజు అద్దెలు, కాల్‌షీట్లు వారికి తెలియును. అయినను రాని మాటను బలవంతముగా రప్పింపక, సరియైన మాట వచ్చువరకు ఖాళీ కాగితము నెదుట కూర్చుండగలుగుట ఎంత కఠినమో, వ్రాతపని చేసి బ్రతుకు నా వంటివారికి బాగుగా తెలియును.

ఇంతవరకు చెప్పినది విని, మనసు చెప్పినదెల్ల నిజమని ఎవరైనను అనుకొనినచో నేను అపకారము చేసినవాడనగుదును. అంతఃస్ఫురణ తప్పులను జీవితమంతయు వెదకిన డేనియల్ కానెమన్, అగ్నిమాపక దళాధికారుల స్ఫురణను మెచ్చి అధ్యయనము చేసిన గ్యారీ క్లైన్, ఎదురెదురు పక్షములవారు. ఇరువురును కూడి 2009లో ఒక వ్యాసము వ్రాసిరి. స్ఫురణను నమ్ముటకు రెండు షరతులు కావలెనని వారు ఏకీభవించిరి: పని జరుగు లోకములో ఒక క్రమముండవలెను, చేసినది తప్పో ఒప్పో వెంటవెంట తెలియుచు, అట్లు చాలకాలము అభ్యాసము జరుగవలెను. ఈ రెండు షరతులను చేతబట్టుకొని కృష్ణానగరము సందులలో తిరిగినచో ఒక విశేషము కనబడును.

ఫోకస్ పుల్లర్ అను పనివాని సంగతి వినుడు. కెమెరా ప్రక్కన నిలుచుండి లెన్సు మీది వలయమును త్రిప్పువాడు అతడు. లెన్సు మొదలు నటుని కంటివరకు టేపు పట్టి కొలిచి, నేల మీద సుద్దతో గురుతు పెట్టును. నటుడు నడచివచ్చి ఆ గురుతు మీదనే ఆగవలెను. వెలుగు తక్కువై, పెద్ద లెన్సు వేసినచో, స్పష్టముగా కనబడు లోతు కొన్ని అంగుళములే. కన్ను తేటగా నుండి చెవి మసకబారును. ఏడుపు సన్నివేశములో నటునికి గురుతు జ్ఞాపకముండదు, ఒక అడుగు ముందుకు వచ్చును. అప్పుడు టేపు లేదు, వ్యవధి లేదు, ఆపుమనుటకు అధికారము లేదు. నేనెరిగిన ఒక వృద్ధ ఫోకస్ పుల్లర్‌ను, ఆ క్షణమున ఏమి చేసెదవని అడిగితిని. ఆయన తన కుడిచేతి వ్రేళ్లను గాలిలో ఒక జాన వెడల్పున మెల్లగా త్రిప్పి చూపెను. "ఆయన అడుగెయ్యకముందే భుజం కదులుతుంది బాబూ. భుజం కదిలితే నా చెయ్యి పోతుంది. నేను ఆలోచిస్తే లేటయిపోతుంది" అనెను. మొదటి రెండేండ్లలో ఎన్ని షాట్లు మసకబారినవో, రషెస్ చూచునప్పుడు చీకటిలో ఎన్ని తిట్లు పడినవో కూడ చెప్పెను. ఆ తిట్లే ఆయన గురువులు. రోజుకు ముప్పది షాట్లు, ప్రతి షాటునకు తప్పో ఒప్పో తీర్పు, ముప్పదియైదు యేండ్లు. ఆయన చూపు నటుని భుజము మీద, చేయి వలయము మీద. కానెమన్ అడిగిన రెండు షరతులును తీరినవి. మన ఏజెంటునకును తీరినవి. తగని మొగమును పంపినచో కో-డైరెక్టరు ఆ పూటయే త్రిప్పి పంపును.

ఇక, ఏ కథ ఆడును, ఏది ఆడదు అను జోస్యము సంగతి. ఒక నిర్మాత జీవితములో తీయు చిత్రములు ఎన్ని? పది, ఇరువది. ఒకదానికొకటి పోలిక లేదు. కాలము వేరు, తార వేరు, ఆ శుక్రవారము ఎదుట నిలిచిన చిత్రము వేరు. ఫలితము తెలియును గాని కారణము తెలియదు. కాబట్టి అచట స్ఫురణకు పాఠము నేర్చుకొను వీలు బహు తక్కువ. అందుచేతనే పరిశ్రమలో 'సెంటిమెంట్' అను ఆంగ్లపదమునకు వేరొక అర్థము పుట్టినది: గెలిచిన చిత్రమునకు ఏ గుడిలో పూజ జరిగినదో, పేరులో ఎన్ని అక్షరములుండెనో, మరల అదే చేయుట. భయములో నున్నవాడు ఏదో యొక కొమ్మను పట్టుకొనుటను నేను ఆక్షేపింపను. కాని దానిని ఎరుక యనరాదు. ఒక 'శంకరాభరణం' కథ చెప్పి, మనసు మాట వినుమని యువకులకు బోధించువారు, మనసు మాట విని తీసి, పేరు కూడ మిగులకుండ పోయిన వందల చిత్రములను లెక్కలో వేయవలెను. నా తీర్పు దాచుకొనను: కృష్ణానగరములో నమ్మదగిన స్ఫురణ, జోస్యము చెప్పువారికంటె దినకూలి తీసికొను చేతులలోనే హెచ్చుగా నున్నది.

శ్రీకాకుళము నుండియో, ఖమ్మము నుండియో, అనంతపురము నుండియో రాత్రి బస్సు దిగి, మనసు చెప్పినదని ఈ సందులకు వచ్చు పిల్లలను చూచినప్పుడు నాకు గుండె బరువెక్కును. వారికి చెప్పదగినది ఒక్కటున్నది. కోరిక ఎప్పుడును తన గూర్చియే పలుకును: నేను దర్శకుడనగుదును, నన్ను తెర మీద చూతురు. స్ఫురణ ఎదుటనున్న వస్తువు గూర్చి పలుకును: ఈ సన్నివేశము రెండు మాటల ముందే ముగియవలెను, ఈ దీపము కొంచెము దించవలెను. మీ మనసు చెప్పుచున్నది ఏ భాషలోనో వినుడు.

తెలియనితనమును ఇట్లు మెచ్చుకొనుచున్నప్పుడు మరువరాని విషయము వేరొకటి. 2025 ఆగస్టులో వేతనముల పెంపు కొరకు సినిమా కార్మికులు పని మానగా రెండు వారములకు పైగా షూటింగులు నిలిచిపోయినవి. ప్రభుత్వము కల్పించుకొనిన పిదప ఒప్పందము కుదిరినది. సన్నివేశము ఎట్లు వచ్చునో తెలియకపోవుట కళాకారుని తెలివికి పదును పెట్టును; రేపటి బియ్యము వచ్చునో రాదో తెలియకపోవుట మనిషిని తినివేయును. ఈ రెంటికి ఒకే పేరు పెట్టి, కష్టపడినవారే పైకి వత్తురని పొగడుట అన్యాయము. అద్దె గడచునని తెలిసినవాడే ఖాళీ కాగితము నెదుట ఓపికగా కూర్చుండగలడు. సృష్టి ఎట్లు పుట్టినదో పై లోకమున నున్నవానికైనను తెలియునో లేదో యని ఋగ్వేదములోని నాసదీయ సూక్తము సంశయముతో ముగిసినది. అంతటి సంశయమును నిర్భయముగా పలుకగలిగిన ఋషికి ఆనాటి సమాజము అన్నము పెట్టినదని కూడ మనము గమనింపవలెను.

నేను పైన చెప్పిన ఫోకస్ పుల్లర్‌కు ఇప్పుడు అరువదియెనిమిది యేండ్లు. కెమెరాలు మారినవి, దూరమునుండి త్రిప్పు యంత్రములు, పెద్ద మానిటర్లు వచ్చినవి, ఆయనను పిలుచువారు లేరు. కొడుకు ఇంట నుండును. క్రిందటి నెల చూడబోయినప్పుడు, తాను కూర్చున్న అరుగు మొదలు ఎదుటి యింటి గేటు వరకు ఎంతుండునని సరదాకు అడిగితిని. "పద్నాలుగు అడుగులు" అనెను. మనుమడు ఇంటిలోనికి పోయి టేపు తెచ్చి కొలిచెను: పదునాలుగు అడుగుల రెండంగుళములు. ఆయనకు తెలిసినది తెలుగులో ఏ పుస్తకమునను వ్రాసి లేదు. ఆయన వ్రాయలేడు, ఎవ్వరును అడుగలేదు. చలనచిత్రకళ నేర్పు సంస్థలు నగరములో పలు చోట్ల వెలసినవి. ఆ సంస్థలవారు ఇట్టి వృద్ధులను, కుట్టువారిని, మేకప్‌మన్లను, లైట్‌మన్లను పిలిచి విద్యార్థుల నడుమ కూర్చుండబెట్టవలెను. వారి మాటలను, అంతకంటె ముఖ్యముగా వారి చేతులను, కెమెరాలో పట్టి దాచవలెను. పిలుచుటకు పెద్ద ఖర్చు లేదు. సాయంత్రము నాలుగు దాటిన పిమ్మట ఆయన అరుగు మీదనే యుండును.